గురువారం మాత్ర

గాజువాకలో మా అక్కావాళ్ళ వంటింటి గుమ్మం పక్కన ఓ క్యాలెండర్ వేలాడుతుండేది. ఆ రోజుల్లో దాంట్లో తిథులూ పండగలూ చూసేవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి గురువారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, మాత్రలు వేశాక దానిమీద అడ్డగీత. ఎనిమిది మాత్రలు, పసుపుపచ్చవి, కందిబద్దంత ఉంటాయి. రాత్రి మా మేనల్లుడు ఒక్కొక్కటే మింగుతుంటే అక్క పక్కన కూర్చుని లెక్కపెట్టేది. "ఏడయ్యాయి నాన్నా, ఇంకొక్కటే." ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వెయ్యాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఆ ఎర్ర సున్నాలు.

వాడికి తొమ్మిదో ఏట, 2017లో, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా వచ్చింది. మనవాళ్ళు మామూలుగా బ్లడ్ కేన్సర్ అనే జబ్బుల్లో పిల్లలకి ఎక్కువగా వచ్చేది ఇదే. ఇప్పుడు వాడికి పదిహేడేళ్ళు. ఆదివారమైతే ఆర్‌కే బీచ్‌లో క్రికెట్ ఆడి, ఇసక కాళ్ళతో ఇంట్లోకొచ్చి తిట్లు తింటున్నాడు. మా ఇంట కథ మంచిగానే ముగిసింది. అయినా జబ్బేమిటో తెలియక గడిపిన మొదటి ఆరు వారాలు తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఆ ఆరు వారాల సంగతి చెప్పి, బ్లడ్ కేన్సర్ల పరిశోధనకీ, వాటి గురించి జనానికి చెప్పడానికీ ప్రభుత్వాల్ని డబ్బు అడుగుదామనడానికే ఈ వ్యాసం.

మొదట జ్వరం. ఆగస్టు నెల, ఊరంతా జ్వరాలే. వీధి చివర క్లినిక్‌లో వైరల్ అన్నారు. రెండో వారం విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, యాంటీబయాటిక్ పెట్టారు. మోకాళ్ళ కింద నీలంగా కమిలిన మచ్చలు కనిపిస్తే, ఆటల్లో తగిలించుకుని ఉంటాడనుకుంది అక్క. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. మా అమ్మ "వేడి చేసిందే, సబ్జా నీళ్ళు పట్టు" అంది. కాళ్ళు నొప్పులని రాత్రిళ్ళు ఏడిస్తే ఎదిగే వయసు నొప్పులన్నారు. పాలిపోయాడని టానిక్కు రాశారు. అయిదో వారంలో ఎవరో ఒక సూది వేశారు. మర్నాటికల్లా జ్వరం పోయింది, పిల్లాడు లేచి ఆడుకున్నాడు. అక్కా బావా సింహాచలం వెళ్ళి అప్పన్నకి మొక్కు కూడా తీర్చుకొచ్చారు. నాలుగు రోజులు గడిచాయో లేదో, మళ్ళీ మొదలు. ఈసారి లేవలేకపోయాడు.

ఆరో వారంలో, మూడొందల రూపాయల సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్ష చేసే ఓ చిన్న ల్యాబులో, మిషన్ ఇచ్చిన అంకెలు చూసి ఊరుకోకుండా టెక్నీషియన్ స్వయంగా స్మియర్ వేసుకుని, అంటే రక్తపు చుక్కని గాజుపలక మీద పలచగా పరిచి, మైక్రోస్కోపులో చూశాడు. చూసి, కౌంటర్లో అమ్మాయి చేత రిపోర్టు పంపించకుండా తనే బయటికొచ్చి మా బావని పక్కకి పిలిచాడు. "అన్నయ్యా, ఇది పట్టుకుని ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళండి. రేపనకండి" అన్నాడు. హిమోగ్లోబిన్ 5.6. ప్లేట్‌లెట్లు 18 వేలు. తెల్లకణాలు 64 వేలు. మొదటి రెండూ ఉండాల్సినదానికంటే బాగా తక్కువ, మూడోది బాగా ఎక్కువ.

పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "స్టెరాయిడ్ ఏమైనా ఇచ్చారా?" ఆ సూది ఏమిటో మావాళ్ళకి తెలియదు. ఇచ్చినాయన చీటీ కూడా రాయలేదు. ఈ జబ్బుకి చికిత్స స్టెరాయిడ్‌తోనే మొదలవుతుంది. నిర్ధారణకి ముందే కాస్త వేస్తే చెడ్డ కణాలు కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గుతాయి, పరీక్షలో జబ్బు సరిగ్గా దొరక్కుండా పోతుంది, ఎంత బలమైన మందులు వాడాలో డాక్టర్లు అంచనా వెయ్యడం కష్టమవుతుంది. ఆ సూది వేసినాయన మీద నాకు కోపం చాలా ఏళ్ళుంది. ఇప్పుడు లేదు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఎవరిదన్నదే నా ప్రశ్న.

ఆ ఆరు వారాల్లో మావాళ్ళు చూసినవన్నీ ఒకే జబ్బు ఆనవాళ్ళు. రక్తకణాలన్నీ ఎముకల్లోని మజ్జలో తయారవుతాయి. అక్కడ పనికిరాని తెల్లకణాలు గుంపుగా పెరిగిపోతే మంచి కణాలకి చోటుండదు. ఎర్రకణాలు తగ్గితే పాలిపోతారు. ప్లేట్‌లెట్లు తగ్గితే మచ్చలు, చిగుళ్ళ రక్తం. పనిచేసే తెల్లకణాలు తగ్గితే విడవని జ్వరం. మజ్జ కిక్కిరిసిపోతే ఎముకల నొప్పి. ఇందులో ఏ ఒక్కటి చూసినా ఏదో మామూలు జబ్బే అనిపిస్తుంది. నాలుగూ ఒకే పిల్లాడిలో కనబడితే సీబీపీ, స్మియర్ చేయించాలని ఆశా కార్యకర్తకి, ఏఎన్ఎంకి, స్కూలు టీచరుకి, ఆర్‌ఎంపీకి నేర్పడానికి ఒక పూట చాలు.

మన దేశంలో కేన్సర్ గురించి ప్రభుత్వ ప్రచారం లేదనను. జాతీయ కార్యక్రమంలో స్క్రీనింగ్ ఉంది, నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికి. ఆ మూడింటికీ ముందే పట్టుకునే పరీక్షలున్నాయి కాబట్టి ఆ పని ఎంతైనా అవసరం. బ్లడ్ కేన్సర్లకి అలా ఊరంతటికీ చేసే స్క్రీనింగ్ పరీక్ష లేదు. ల్యుకేమియాలో చేత్తో తడిమి చూసుకోవడానికి గడ్డ ఉండాలని కూడా లేదు. తెలిసినవాళ్ళ కంట పడితేనే ఈ జబ్బు బయటపడుతుంది. స్క్రీనింగ్ ఉన్న జబ్బుకి ప్రచారం ఒక సాయం. స్క్రీనింగ్ లేని జబ్బుకి ప్రచారం తప్ప వేరే దారి లేదు. మన జనానికి బ్లడ్ కేన్సర్ అంటే సినిమాల్లో రక్తం కక్కుకుని హీరోయిన్ ఒళ్ళో ప్రాణం వదిలే హీరోయే గుర్తొస్తాడు. దానికి మందుందనీ, పిల్లల్లో చాలావరకు పూర్తిగా నయమవుతుందనీ చెప్పిన పోస్టరు గాజువాకలో ఒక్కటీ నా కంటపడలేదు.

మనం బతుకుతున్న ఈ అమెరికాలో ఈ పని ఎలా జరిగిందో చూడండి. 1984లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పెద్ద పార్టీ తరఫున నిలబడిన తొలి మహిళ జెరాల్డిన్ ఫెరారో. 1998లో ఆమెకి మల్టిపుల్ మైలోమా అని తేలింది. అదీ బ్లడ్ కేన్సరే, మజ్జలోని ప్లాస్మా కణాలకి వస్తుంది. 2001లో ఆమె ఆ సంగతి నలుగురికీ చెప్పి, సెనేట్ కమిటీ ముందు కూర్చుని మాట్లాడారు. అదే ఏడు మాసచూసెట్స్ కాంగ్రెస్ సభ్యుడు జో మోక్లీ ల్యుకేమియాతో పోయారు. టెక్సస్ సెనేటర్ కే బెయిలీ హచిసన్ సోదరుడికి మైలోమా. ఆవిడ ముందుండి నడిపిన బిల్లు మీద 2002 మే 14న అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టారు. ఆ చట్టంలో రెండు భాగాలు. మోక్లీ పేరుతో పరిశోధన, ఫెరారో పేరుతో ప్రజలకి అవగాహన. రెండో భాగం కింద రోగులకీ, కుటుంబాలకీ, వైద్య సిబ్బందికీ సమాచారం చేర్చే సంస్థలకి సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ద్వారా గ్రాంట్లు అందుతూ వచ్చాయి. కొత్త మందు కనిపెట్టడం ఎంత ముఖ్యమో, మందుందన్న కబురు మనిషికి చేరడం అంతే ముఖ్యమని ఒక చట్టంలోనే రాసి, రెండింటికీ చోటిచ్చారు. ఫెరారో 2011 దాకా బతికారు. థాలిడమైడ్, బోర్టెజోమిబ్ లాంటి మందులు ఆ ఏళ్ళలోనే మైలోమాకి అందివచ్చాయి.

మైలోమా గురించి మన ఉత్తరాంధ్రకి ఇంకో సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళలో నడుం నొప్పి, రక్తం తక్కువ, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ పెరగడం దాని ఆనవాళ్ళు. శ్రీకాకుళం జిల్లాలో క్రియాటినిన్ పెరిగిందనగానే ఎవరికైనా ఉద్దానం కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది, న్యాయమే. కానీ అలాంటివాళ్ళలో నడుం నొప్పితో బాధపడుతున్న పెద్దాయనకి సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష ఒకటి చేయించాలని అక్కడివాళ్ళకి ఎవరైనా చెప్పారా? మెడ దగ్గర బిళ్ళ కడితే బయాప్సీ చెయ్యకుండా టీబీ మందులు నెలల తరబడి మింగించడం కూడా ఇలాంటిదే. అది లింఫోమా, అంటే ఆ బిళ్ళలకి వచ్చే బ్లడ్ కేన్సర్ అయితే, ఆ నెలలు మళ్ళీ రావు.

పరిశోధనకి ప్రభుత్వ డబ్బు ఎందుకని అడిగేవాళ్ళు ఇక్కడి మన తెలుగు సంఘంలోనే ఉన్నారు. ఉత్తర న్యూజెర్సీలో నా ఇంటి నుంచి కారులో కాస్త దూరం వెళితే, రాష్ట్రం దాటగానే న్యూయార్క్ వైపు పెర్ల్ రివర్ అనే ఊరుంది. అక్కడి మందుల కంపెనీ లెడర్లీ లేబొరేటరీస్‌లో పరిశోధనలకి నాయకత్వం వహించినాయన మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం తీసుకుని 1920లలో బోస్టన్‌లో దిగారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకి చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్ళకే కన్నుమూశారు. అదే బృందం నుంచి వచ్చిన, అమినోప్టెరిన్ కంటే కాస్త సురక్షితమైన తోబుట్టువే మెథోట్రెక్సేట్. గురువారం గురువారం మా అక్క లెక్కపెట్టిన ఎనిమిది మాత్రలు అవే.

అయితే ఒక్క మందుతో జబ్బు నయం కాలేదు. వెనక్కి తగ్గి మళ్ళీ వచ్చేది. ఏ మందుకి ఏది జోడించాలో, ఎన్నాళ్ళు ఇవ్వాలో తేల్చింది 1960లలో బెథెస్డాలోని నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల, ప్రభుత్వ డబ్బుతో. ఏ కంపెనీకీ అందులో లాభం లేదు. ఏళ్ళ తరబడి వందలాది పిల్లల వివరాలు రాసుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చేసిన పని అది. అప్పట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి ఒకరు బతకడమే గగనం. ఇప్పుడు అమెరికాలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

మన దేశమూ ఈ దారిలో నడిచింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఆసరాతో తయారుచేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. రోగి తెల్లకణాలనే బయటికి తీసి, కేన్సర్ని గుర్తుపట్టేలా మార్చి మళ్ళీ ఎక్కించే వైద్యమది. అప్పట్లో అమెరికాలో సుమారు 4 లక్షల డాలర్లయ్యే ఆ వైద్యం దాదాపు పదోవంతు ధరకి వచ్చింది. అంతకుముందు, క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకి వాడే ఇమాటినిబ్ నెలకి లక్షకి పైగా ధర పలుకుతున్న రోజుల్లో, హైదరాబాద్ నాట్కో కంపెనీ దాన్ని వేల రూపాయల్లోకి దించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ మందు అసలు కంపెనీ నొవార్టిస్‌కి పేటెంట్ నిరాకరించడంతో ఆ మాత్రకి అడ్డు తొలగింది.

వైద్యం విషయంలో విశాఖ కూడా చాలా మారింది. మా చిన్నప్పుడు కేన్సర్ అంటే రైలెక్కడమే. హైదరాబాద్ ఎంఎన్‌జే, చెన్నై అడయార్, వెల్లూరు, మరీ అయితే ముంబై టాటా. ఇప్పుడు ఆ టాటావాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి అగనంపూడిలోనే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం వల్ల పేదవాడు పొలం అమ్మకుండానే కీమోథెరపీ చేయించుకోగలుగుతున్నాడు. ఇవి చిన్న విషయాలు కావు. ఈ పనులు చేసిన ప్రతి ప్రభుత్వానికీ దణ్ణం పెడతాను.

కానీ వైద్యం ఊళ్ళో ఉన్నా చేజారిపోవడం నా కళ్ళతో చూశాను.

మావాడి పక్క మంచం మీద పూడిమడక వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల పిల్ల ఉండేది, ఆరేళ్ళది. అదే జబ్బు. మొదటి నెల చికిత్స ఇద్దరికీ ఒకేసారి అయింది. నేను సెలవు పెట్టి వెళ్ళింది అప్పుడే. ప్లేట్‌లెట్లు కావాలంటే బావ స్నేహితుడి ద్వారా నేవీ కుర్రాళ్ళు నలుగురు వచ్చి ఇచ్చారు. లేత పసుపు రంగు సంచులు, బ్లడ్ బ్యాంకులో ఊగే పళ్ళెం మీద ఊయల్లో పిల్లల్లా కదులుతుండేవి. అయిదు రోజులకి మించి నిలవుండవు. ఆ సంచులు మావాడికీ, ఆ పిల్లకీ ఇద్దరికీ ఎక్కాయి. నెల తిరిగేసరికి ఇద్దరి రిపోర్టులూ బాగున్నాయి. ఆ పిల్ల తండ్రి మా అక్క చేతులు పట్టుకుని "తగ్గిపోనాదమ్మా, సూడండి, ఏటీ లేదంట రిపోర్టులో" అని ఏడ్చాడు సంతోషంతో. రెండున్నరేళ్ళు మందులు వాడాలని డాక్టర్లు చెప్పే ఉంటారు. నిండుగా నవ్వుతున్న పిల్లని చూస్తూ ఎవరికి ఎక్కుతుంది? వేట వదులుకుని ఎన్నిసార్లు తిరుగుతారు? రెండో నెల తర్వాత వాళ్ళు రాలేదు. తొమ్మిది నెలలకి మళ్ళీ తీసుకొచ్చారు. ఈసారి మందులకి లొంగలేదు.

జబ్బు బయటపడ్డప్పుడు ఒంట్లో ఉండే చెడ్డ కణాలు లక్ష కోట్ల లెక్కలో ఉంటాయి. మొదటి నెలలో చాలావరకు చచ్చిపోతాయి. మైక్రోస్కోపులో కనబడవు, రిపోర్టు బాగుంటుంది. అప్పటికీ వెయ్యి కోట్ల దాకా ఎక్కడో దాక్కుని ఉండగలవు. ఆ దాక్కున్నవాటి కోసమే మిగతా రెండేళ్ళకి పైబడిన వైద్యం, ఆ గురువారాలన్నీ. ఈ ఒక్క మాట, కలుపు పైన కోసేస్తే సరిపోదు, వేరు తియ్యాలి అన్నట్టు వాళ్ళ భాషలో, నాలుగుసార్లు, ఇంటికెళ్ళాక ఫోన్ చేసి మరో నాలుగుసార్లు చెప్పే మనిషి ఆ కుటుంబానికి దొరికి ఉంటే? ఆ పిల్ల మందు ఖర్చు ప్రభుత్వం భరించింది. ఆ మాట చెప్పే మనిషి జీతానికి మాత్రం ఏ పద్దులోనూ చోటు లేకపోయింది.

నేను కోరేది ఆ పద్దు. 2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ కేన్సర్ డేకేర్ కేంద్రాలు పెడతామన్నారు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ పాడేరులోనూ అవి వచ్చినప్పుడు, కుర్చీలూ సెలైన్ స్టాండ్లతో పాటు ప్రతిచోటా కుటుంబాలతో మాట్లాడే ఒక మనిషిని పెట్టమనాలి. రాని రోగికి ఫోన్ చెయ్యడమే ఆ మనిషి ఉద్యోగం. ఏజెన్సీలో అయితే ఆ మనిషికి అక్కడి భాష కూడా వచ్చి ఉండాలి. ఆశా కార్యకర్తల శిక్షణలో నాలుగు ఆనవాళ్ళ పాఠం చేర్చాలి. నిర్ధారణ లేని జ్వరానికి స్టెరాయిడ్ సూది వెయ్యొద్దని మందుల షాపు దగ్గర్నుంచి ఆర్‌ఎంపీ దాకా అందరికీ చెప్పాలి. జిల్లాకొక ల్యాబులోనైనా స్మియర్ చూసే మనిషిని తయారుచెయ్యాలి. ఇది కోట్లలో పని కాదు. మన సంఘాలు ఊళ్ళకి మిషన్లు పంపుతాయి, వాటిమీద పేర్లు చెక్కిస్తాయి, మంచిదే. కానీ అమరావతిలో మంత్రుల్ని కలిసినప్పుడు, వాళ్ళు ఇక్కడికి మన సభలకి వచ్చినప్పుడు, శాలువాతో పాటు ఈ కోరికల కాగితం కూడా వాళ్ళ చేతిలో పెట్టాలి. ఇక్కడ ఓటున్నవాళ్ళు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. పరిశోధనకీ అవగాహనకీ డబ్బు ఏటేటా కాంగ్రెస్ మంజూరు చేస్తేనే వస్తుంది. చట్టంలో పేరున్నంత మాత్రాన ఖజానా తెరుచుకోదు.

మన చేతుల్లోనే ఉన్న పని ఇంకొకటుంది. కొందరు బ్లడ్ కేన్సర్ రోగులకి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఇతరులవి ఎక్కించాల్సి వస్తుంది. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. మిగతావాళ్ళు రిజిస్ట్రీ మీద, అంటే ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్ళ జాబితా మీద ఆధారపడాలి. అమెరికా జాతీయ రిజిస్ట్రీ 1986లో మొదలైంది, మొదటి డబ్బు ఇచ్చింది ఇక్కడి నేవీ. తూర్పు నౌకాదళం కేంద్రం మా విశాఖే కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు ప్లేట్‌లెట్లిచ్చిన ఆ నలుగురు కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఆ రిజిస్ట్రీలో పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం తెల్లవాళ్ళకి 79 శాతం, ఆసియా మూలాలవాళ్ళకి 47 శాతం. మనం పేర్లు ఇవ్వకపోవడం వల్ల కూడా ఆ తేడా అలా ఉంది. చెంప లోపల దూదిపుల్లతో తుడిచి ఇవ్వాలి, అంతే. 18 దాటిన కుర్రవయసువాళ్ళు చేరవచ్చు. పేరు కుదిరినా ఎవరి దగ్గరా వెన్నెముక జోలికి వెళ్ళరు; ఎక్కువమంది దగ్గర ప్లేట్‌లెట్లు తీసినట్టే చేతి నరంలోంచి తీస్తారు, ముందు అయిదు రోజులు సూదులుంటాయి. భారత్‌లో అయితే దాత్రి, డీకేఎంఎస్ ఇండియా ఈ పని చేస్తున్నాయి. సంక్రాంతి ముగ్గులపోటీ పక్కన ఒక బల్ల వేస్తే చాలు.

వచ్చే శీతాకాలం మన సంఘం విశాఖలో వైద్యశిబిరం పెడుతోంది. అందులో ఒక పూట రోగుల్ని చూడ్డం ఆపి, గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి చుట్టుపక్కల ల్యాబు టెక్నీషియన్లనీ ఆర్‌ఎంపీలనీ ఏఎన్ఎంలనీ కూర్చోబెట్టి ఈ నాలుగు ఆనవాళ్ళూ చెప్పిద్దామని కార్యవర్గానికి రాసిచ్చాను. 2017లో మా బావని పక్కకి పిలిచిన ఆ టెక్నీషియన్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆయనకి సొంత ల్యాబుంది. విషయం చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "స్లైడ్లు నేనే తెస్తానండీ, మైక్రోస్కోపు మాత్రం రెండు ఏర్పాటు చెయ్యండి, ఒక్కదాని దగ్గర అందరికీ చూపించలేం" అన్నారు.